ట్యూబ్ ఆంప్ బాగానే ఉంది బావా

బావా,

నీ గిటారు సౌండు పెంచే ట్యూబ్ ఆంప్ పోలేదు. గిటారు సౌండుని ముందే తయారుచేసిచ్చే ఆ మోడలర్ పెట్టె వైరుని ఆంప్ ముందున్న కన్నంలో పెట్టకు, వెనక రిటర్న్ అని రాసి ఉన్న కన్నంలోనే ఉంచు. మోడలర్‌లోని నకిలీ స్పీకర్ సెట్టింగ్‌ని ఆపేశాను, మళ్ళీ ఆన్ చెయ్యకు. అసలు స్పీకరు ఎదురుగా ఉండగా అదెందుకు? నిన్న నువ్వు చేసింది పోపు పెట్టిన చారుకి మళ్ళీ పోపు పెట్టడం, అంతే. పొద్దున్నే నువ్వు బ్యాండు వాళ్ళ కోసం రైల్వే స్టేషన్‌కి వెళ్ళాక, ఆంప్‌లు బాగుచేసే సాలూరు ధర్మేంద్రకి ఫోన్ చేస్తే చెప్పాడు. అలా మార్చి గిటారు మీటగానే ఖంగుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం ప్రోగ్రాంకి ఇక భయం లేదు.

కానీ దసరా పూజలో ఆంప్‌కి గంధం, బొట్టు పెట్టినందుకే పాడయిందని అత్తయ్య మీద అరిచావు చూడు, అది బాగాలేదు. "నా సేత్తోనే పాడు సేసీసినానేటే" అంటూ ఆవిడ రాత్రి అన్నం ముట్టలేదు. ఇందాక ఆ సౌండు విని వంటింట్లోంచి వచ్చి, "ఒసే రేఖా, పలికినాదే" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు.

ఉప్మా మూత పెట్టి ఉంది. నాకు స్కూలు బస్సు వచ్చే టైమయింది.

రేఖ

నువ్వు తుడిచేసిన బొట్టు నేను మళ్ళీ పెట్టలేదు. బయల్దేరే ముందు అత్తయ్య చేత నువ్వే పెట్టించు.