మూడో వరస నీది

గూస్ బే,
ఫిబ్రవరి 9.

ప్రియమైన డెల్ఫీన్ అక్కకు,

నీ చెల్లి ఆర్లిస్ రాస్తున్నది. ఇక్కడ నేను, కుక్క, కట్టెల పొయ్యి ముగ్గురం కులాసాగానే ఉన్నాం. సరిహద్దుకు అవతల నువ్వు, మెల్విన్ బావ చలికి వణక్కుండా, పోట్లాడుకోకుండా ఉన్నారని తలుస్తాను. పోట్లాడుకున్నా ఫర్వాలేదులే, ఆయన మాటలు నీకు సగమే వినపడతాయి. ఫోన్లో నీతో మాట్లాడబోయి నేను అరిచే అరుపులకు కుక్క మంచం కిందికి దూరుతోంది. అందుకే మనిద్దరికీ ఈ ఉత్తరాలే గతి.

నీ జాబు పోయిన గురువారం అందింది. నా మోకాలి సంగతి అడిగావు. మంచు పడబోయే ముందు రోజు ఠంచనుగా నొప్పి పెడుతోంది, రేడియోవాళ్ళకన్నా అదే నయం. సరస్సులో ఏరి నేను పంపిన బియ్యం మీకు ఈపాటికి చేరి ఉంటాయి. ఈసారి గాలివాన ముందే గింజను రాల్చేసింది, మిగిలినవి సన్నగా ఉన్నాయి. వేపేటప్పుడు ఒక వాయి నేనే కాస్త మాడ్చాను. అమ్మ ఉండుంటే ఆ తెడ్డు నా చేతికి ఇచ్చేదే కాదు. ఫ్రీజర్‌లో జింక తొడ ఒకటి నీ పేర దాచి పెట్టాను, వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

ఇక జాబు చివర నువ్వు అడిగిన రెండు ప్రశ్నలు మిగిలాయి. అమ్మ పోయి మార్చికి ఏడాది నిండుతుంది కదా, విందు ఏ రోజు పెడుతున్నావు, ఇంకా కబురు లేదేం అన్నావు. అరవై రెండేళ్ళ వయసులో మన ఒజిబ్వే భాష నేర్చుకోవడానికి ఎవరి దగ్గరికో పోవడమేమిటి, అడిగితే నేను నేర్పనా అన్నావు. ఈ రెండింటికీ జవాబు ఒక్కటే. అది చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు కాబట్టి ముందు నేను భాష నేర్చుకునే ఆ గుంపు సంగతి రాస్తాను.

మంగళవారం సాయంత్రాలు కమ్యూనిటీ హాల్లో పదిమందిమి కూడుతున్నాం. అందరం మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ళమే. నేర్పేది ఓరిన్ వైట్‌బర్డ్ గారు. అమ్మతో కలిసి మేపుల్ చెట్ల పాకం కాచేవారే, ఆయనే. ఎనభై నిండాయి, నోరు మాత్రం మారలేదు. ఎవరింటి నుంచి వాళ్ళు ఒక గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాలి. ఏది కావాలన్నా మన భాషలోనే అడగాలి. అడగలేనివాళ్ళ పళ్ళెం ఖాళీగా ఉంటుంది. ఇదీ ఆయన పెట్టిన షరతు.

మొదటి రోజే నా పరువు పోయింది. పెద్దమనిషి దగ్గర ఏదైనా అడగబోతూ పొగాకు పట్టుకెళ్ళాలన్న సంగతి నాకు తెలియకనా? ఇంట్లో డబ్బా ఉంది, మర్చిపోయాను. క్లినిక్‌లో కొత్తగా చేరిన నర్సు ఒకమ్మాయి ఉంది, కెర్స్టిన్ అని. తెల్లవాళ్ళ పిల్ల, పాలలాంటి జుట్టు, డులూత్ పట్నం నుంచి వచ్చింది. ఆ పిల్ల ఎర్రగుడ్డలో పొగాకు పొందికగా కట్టుకొచ్చి, రెండు చేతులా ఆయనకి అందించింది. ఓరిన్ గారు నా ఖాళీ చేతుల వంక చూసి, “ఏమ్మా, మీ అమ్మ పేరు చెప్పుకుని తేరగా నేర్చుకుందామనా?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఒళ్ళు మండిపోతూ.

అంతటితో అయిపోతే బాగుండేది. నేను వేయించిన రొట్టెలు బల్ల మీద వేడివేడిగా ఉన్నాయి. వాటిని అడగడానికి నాకు నోరు పెగల్లేదు. ఆ పిల్ల పుస్తకం వంక కూడా చూడకుండా గడగడా అడిగేసి రెండు తీసుకుంది. నేను చేసిన రొట్టె దాని పళ్ళెంలో, నా పళ్ళెంలో గాలి. “ఆర్లిస్ ఆంటీ, చాలా మెత్తగా ఉన్నాయి. ఎలా చేస్తారో నాకూ నేర్పుతారా?” అని ముద్దుగా అడిగింది పైగా. ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటూ దాన్ని ఎన్ని తిట్టానో కుక్కకు తెలుసు. అదీ ఇంగ్లీషులోనే తిట్టాను, అంతకన్నా నాకేం వచ్చు గనక.

ఎందుకింత కుళ్ళు అంటావా? అక్కా, ఈ కుళ్ళు ఆ పిల్లతో మొదలైంది కాదు. ముందు నుంచీ అది నీ మీదే. ఇప్పుడు చెప్పేస్తున్నాను.

నాకు ఆరేళ్ళప్పుడు నువ్వు, అమ్మ వంటింట్లో బియ్యం చెరుగుతూ మన భాషలో ఒకటే మాటలు. అమ్మ నీతో నవ్వినట్టు ఇంకెవరితోనూ నవ్వేది కాదు, తల వెనక్కి వాల్చి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. నేను గుమ్మంలోకి రాగానే ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు.

“ఏంటి, నా గురించేనా?” అనేదాన్ని.

“నీ గురించి కాదులేవే. వెళ్ళి ఆడుకో,” అనేదానివి నువ్వు ఇంగ్లీషులో, ఏదో పెద్ద ఆరిందాలాగా.

నేను తలుపు వెనకే నిలబడేదాన్ని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అమ్మ నీకేదో పెడుతోందని, నాకు దాస్తోందని అనుకునేదాన్ని. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన రోజు అందరూ ఏడ్చారు. నాకు లోపల్లోపల సంతోషంగా ఉంది, ఇక అమ్మ నాతో మాట్లాడుతుందని. మాట్లాడింది, ఇంగ్లీషులో. నవ్వు మాత్రం నీతోనే వెళ్ళిపోయింది.

పోయిన జాబులో నువ్వు రాసింది చదివాను. అమ్మమ్మ దగ్గర పెరిగి బడికి వెళ్ళేసరికి నీకు ఇంగ్లీషు రాక, ఒకటో తరగతిలోనే మూడేళ్ళు కూర్చోబెట్టారని, నోరు విప్పితే స్కేలుతో కొట్టారని, అది చూశాకే అమ్మ రెండోదానికి ఈ గతి వద్దని ఒట్టు పెట్టుకుందని. “అమ్మ నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు బొమ్మల పుస్తకం చదివేది. అది చూసి నేను పొట్టలో కత్తి దింపినట్టున్నా ఓర్చుకునేదాన్ని,” అన్నావు. అరవై ఏళ్ళు నేను నీ మీద ఏడుస్తుంటే, నువ్వు నా మీద ఏడ్చావన్నమాట. నిజం చెప్పనా, చదివి కొంచెం హాయిగా కూడా అనిపించింది. అయినా నా బాధ తగ్గలేదు. స్కేలు దెబ్బలు మానిపోయాయి, అమ్మ మాట నీ దగ్గరే ఉంది కదా అనుకున్నాను. ఇలా అనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. కానీ అనుకున్నాను.

ఇక దాచింది చెబుతాను. చదివేటప్పుడు బావను పక్కన కూర్చోబెట్టుకో.

అమ్మ పోయిన రోజు మంచుతుఫాను వచ్చి నువ్వు దారిలో చిక్కుపడ్డావు. నాలుగు గంటలు ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చి, కోటైనా విప్పకుండా, “చివర్లో ఏమైనా అందా?” అని అడిగావు. “ఏమీ అనలేదు. నిద్రలోనే పోయింది,” అన్నాను. అది అబద్ధం.

అమ్మ మాట్లాడింది, అక్కా. మధ్యాహ్నం మూడింటికి కళ్ళు తెరిచి, నా మణికట్టు పట్టుకుని, “డెల్ఫీన్,” అంది. నేను ఆర్లిస్‌నమ్మా అనలేదు. “ఊఁ,” అన్నాను. అప్పటికి మూడు రోజులుగా ఆమె నోట ఇంగ్లీషు లేదు. మన భాషలో మూడు మాటలు చెప్పింది. ఒకటి చెప్పి, ఆగి, ఇంకొకటి. అర్థమైందా అన్నట్టు నా కళ్ళలోకి చూసింది. నేను మళ్ళీ “ఊఁ” అన్నాను. అంతే. ఆ తర్వాత కళ్ళు తెరవలేదు.

ఆసుపత్రివాళ్ళు భోజనం కోసం ఇచ్చిన చీటీ ఒకటి బల్ల మీద ఉంది. సూపు, జెల్లీ అని గుర్తులు పెట్టి ఉన్నాయి, ఆమె రెండూ ముట్టలేదు. దాని వెనక, చెవిలో పడింది పడ్డట్టు మూడు వరసలుగా రాసుకున్నాను. నువ్వు లోపలికి వచ్చేసరికి ఆ చీటీ నా కోటు జేబులో ఉంది.

ఎందుకు దాచానంటే, ఆఖరి మాట కూడా నీకే కావాలా అని. పక్కన కూర్చుని, పక్క తడిస్తే మార్చి, పెదాలు తడిపి, రెండు రోజులు అన్నపానాలు మానుకున్నది నేను. ఆమె పిలిచింది నిన్ను. ఆ మాటలు నీ చేతికి ఇస్తే నువ్వు ఒక్క చూపులో చదివేస్తావు, ఏడుస్తావు, నాకు ఇంగ్లీషులో సగం చెబుతావు. మళ్ళీ తలుపు వెనక నిలబడటం నా వల్ల కాదనుకున్నాను. నేనే నేర్చుకుని, నేనే చదువుకుని, అప్పుడు ఇద్దామనుకున్నాను. విందు రోజున అమ్మ కోసం తీసిపెట్టిన పళ్ళెం ముందు ఇంటి మనిషి మన భాషలో మాట్లాడాలి కదా, అది కూడా నేనే అయి నిన్ను నోరెళ్ళబెట్టించాలని ఉండింది. అందుకే విందు తేదీ చెప్పకుండా సాగదీశాను. గుంపులో చేరింది అందుకే.

మొదటి నెలలో చీటీలో ఒక్క మాట దొరికింది. రెండో వరసలో ఉన్న “బకదే”. ఆకలి మాట అది. ఓరిన్ గారు పొట్ట మీద చెయ్యి వేసుకుని మరీ నేర్పారు. అది తెలిసిన వారమంతా నాకు ముద్ద దిగలేదు. అమ్మ ఆకలంటే నేను తెలివితక్కువగా “ఊఁ” అని కూర్చున్నానా, ఆకలితో పోయిందా అని. కెర్స్టిన్ నా మొహం చూసి, “ఏదైనా అర్థం కాకపోతే ఇవ్వండి ఆంటీ, కలిసి చూద్దాం,” అని చెయ్యి చాపింది. చీటీని చేతిసంచి అడుగుకి తోసేశాను. నీకివ్వనిది దానికిస్తానా.

పోయిన మంగళవారం చుట్టరికాల పాఠం. బల్ల మీద నేను తెచ్చిన బియ్యం సూపు. అడగడం ఇప్పుడు నాకూ వచ్చు గానీ, ఆ రోజు నోరు తిరగలేదు, ఖాళీ పళ్ళెంతో కూర్చున్నాను. ఓరిన్ గారు నన్ను చూశారు, కెర్స్టిన్‌ను చూశారు, చిలిపిగా కళ్ళెగరేశారు.

“ఈ క్లాసులో ముందు పరిగెత్తేది నువ్వు గనక నువ్వు అక్కవి. వెనకబడింది గనక ఆర్లిస్ చెల్లి,” అని, గరిటె ఆ పిల్లకి అందించి, “అషం గిషీమే,” అన్నారు.

అందరూ గొల్లుమన్నారు. ముప్ఫై ఏళ్ళ దానికి నేను చెల్లినా అని నాకు చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల బిడియపడుతూ లేచి నా పళ్ళెంలో సూపు పోసింది. సూపు పడుతుండగా నా చెవికి తట్టింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఏడాదిగా రోజూ తెరిచి చదువుకుంటున్న చీటీలో మొదటి వరస అది.

“ఇంకోసారి అనండి,” అన్నాను.

“అషం గిషీమే,” అన్నారు ఆయన, నా గొంతు విని నవ్వు ఆపేసి. “నీ చెల్లికి తిండి పెట్టు, అని. ఏమైందమ్మా?”

ఏమీ లేదన్నాను. సూపు అంతా తాగాను, చుక్క మిగల్చలేదు. తర్వాత బయట మంచులో కారెక్కి కూర్చుని, అద్దాలు మసకబారేదాకా ఏడ్చాను.

నీ చెల్లికి తిండి పెట్టు. ఆకలిగా ఉంది. అక్కా, ఆ ఆకలి అమ్మది కాదు, నాది. రెండు రోజులుగా నేను ఏమీ తినలేదని ఆ స్థితిలో కూడా చూసింది. నీ పేరు పిలిచింది నన్ను నీకు అప్పగించడానికి. ఆ మాట నీకు చేరనివ్వకుండా అడ్డుపడింది నేనే. వంటింట్లో మీరిద్దరూ ఆపేసిన ఆ మాటల్లో కూడా ఎన్నిసార్లు నా తిండి గురించే అనుకున్నారో ఇప్పుడు నాకేం తెలుసు.

చీటీ ఈ ఉత్తరంతోపాటు పెట్టాను. మూడో వరస నాకు అర్థం కాలేదు. ఓరిన్ గారిని అడిగితే చిటికెలో చెబుతారు, కెర్స్టిన్ అయితే రెండు రోజుల్లో చెబుతుంది. ఎవరినీ అడగలేదు, అడగను కూడా. మూడో వరస నీది. నాకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే దాచుకో. చెప్పకపోతే మళ్ళీ కుళ్ళుకుంటానని మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను. అబద్ధం చెప్పినందుకు నన్ను తిట్టాలనిపిస్తే మన భాషలోనే తిట్టు, నాకు పాఠం కూడా అవుతుంది.

విందు మార్చి ఇరవై, ఆదివారం. హాలు అడిగి పెట్టాను. అమ్మ పళ్ళెం ముందు నువ్వే మాట్లాడాలి. నేను పక్కన నిలబడతాను, తలుపు వెనక కాదు. ఆ తర్వాత బల్ల దగ్గర నా పళ్ళెం ఖాళీగా ఉంచుకుంటాను. ఆకలేస్తోందని మన భాషలో నేనే అడుగుతాను, తప్పులు దొర్లినా అడుగుతాను. గరిటె నువ్వు పట్టుకోవాలి. అమ్మ చెప్పి ఏడాదైంది, నేనింకా తినలేదు.

బావకు నా నమస్కారాలు. దారిలో తుఫాను ఉంటే రెండు రోజులు ముందే బయలుదేరండి.

ఇట్లు,
అమ్మ నీకు అప్పగించిన చెల్లి,
ఆర్లిస్