చెంగు కుచ్చులోని పోగు

హిందూపురం

చిన్నాయనా,

ధర్మవరంలో మీరంతా బాగున్నారని తలుస్తాను. అవ్వ మేపిన పురుగుల పట్టుతోనే నేయించానని మీరిచ్చిన చీర నేత పోగులనే ముడేసిన చెంగు కుచ్చులోంచి ఒక పోగు తీసి కాల్చాను. క్షమించండి.

పురుగు పెరుగుతున్నా దాని పట్టు గ్రంథిలోని కణాలు విభజన చెందవు. తమ డీఎన్ఏను మళ్లీ మళ్లీ కాపీ చేసుకుని, అందులో ఉన్న ప్రకారం పట్టు అనే ప్రొటీన్ తయారుచేస్తాయి. వెంట్రుకా ప్రొటీనే. కాలిస్తే పట్టుకూ అదే వాసన రావాలి. ఈ పోగు ప్లాస్టిక్‌లా కరిగి గట్టి పూసయింది.

మీరు మోసపోయారో, మమ్మల్ని మోసం చేశారో తెలియదు.

అవ్వ చీరను చెంపకు ఆనించుకుని, "నా పురుగులు ఊరికే తిన్లేదమ్మీ, చూడు!" అంటోంది.

ఆదివారం రండి. కుచ్చులు సరిచేయించాలని చెప్పి చీర తీసుకుపోండి. అవ్వకు నేనేమీ చెప్పను. కానీ దాని బదులు మీరు తెచ్చే చీరలోనూ ఒక పోగు కాలుస్తాను.

మీ అన్న కూతురు