గోల్ఫ్ కోర్సుకు శాలువా

మార్చి 1, 2014. శనివారం. ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్.
పొద్దున్నే మా తెలుగు సంఘం ప్రెసిడెంటు గోపాల్‌రావు అంకుల్ ఫోన్. ఈసారి ఉగాది సభలో సన్మానం మనుషులకు కాదట. చుట్టుపక్కల ఉన్న గొప్ప గోల్ఫ్ కోర్సుకట! శాలువా, బిరుదు, అన్నీ!
"మనిషికి కప్పితే పక్కవాడు అలుగుతున్నాడయ్యా సుబ్బరాజూ. గడ్డికైతే గొడవుండదు. గోల్ఫ్ కిట్టున్నోడివి నువ్వే కదా, నువ్వే జడ్జి."
నేను! ఇన్నేళ్లూ సభలో కార్లు పార్క్ చేయించిన నేను! ఇది చెడగొట్టుకుంటే మళ్లీ కార్ పార్కే.
నియమం: నా ఆట ఎలా సాగినా మార్కుల్లో కలపను. గడ్డి, చెట్లు, గాలి. అంతే.

మార్చి 8.
మొదటి కోర్సు. పచ్చ పట్టుచీర ఆరేసినట్టుంది! బంతి ఇసుకగుంటలో పడింది. ఎంతకీ రాలేదు. అయినా పదికి తొమ్మిది వేశాను. ఎంత ఉత్తముణ్ణి!

మార్చి 15.
రెండోది. బంతులన్నీ చెరువులో. మార్కులు నాలుగు. ఆట వల్ల కాదు! చెరువు అక్కడ ఉండకూడదు.
రాత్రి ఆ ఇసుక గుర్తొచ్చింది. తొమ్మిదిని ఆరు చేశాను.

మార్చి 22.
మూడోది, అందరూ మెచ్చేది. వెనకాల తన వంతు కోసం ఆగిన పెద్దాయన "టేక్ యువర్ టైమ్" అన్నాడు. ఈ దేశంలో ఆ మాటకు అర్థం త్వరగా కదలమని! మార్కులు రెండు.
జయలక్ష్మికి చదివి వినిపించాను.
"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందండీ," అంది మా ఆవిడ. కోపం వచ్చింది. నిజమే కాబట్టి ఇంకా వచ్చింది.

మార్చి 29.
మా అమ్మాయి కిరణ్మయి క్రేజీ గోల్ఫ్‌కు, అదే పిల్లలాడుకునే బుల్లి గోల్ఫ్‌కు, లాక్కెళ్లింది. ఒక్క దెబ్బ! బంతి బొమ్మ గాలిమర కిందనుంచి దూరి నేరుగా గుంటలోకి! "డాడ్, యూ లెజెండ్!" అని ఎగిరింది. నేనూ ఎగిరాను.
పదికి పదకొండు. గడ్డి ప్లాస్టిక్‌దే. అయితేనేం, ఎంత ఒద్దికగా ఉందో!

ఏప్రిల్ 5. ఉగాది సభ.
'క్రీడాక్షేత్ర శిరోమణి': క్రేజీ గోల్ఫ్! నిక్కరు మీద వచ్చిన దాని ఓనరు శాలువాలో మెరిసిపోయాడు.
"పిల్లలాడుకునేదానికా? ఎందుకో చెప్పు!" అంటూ అంకుల్ మైకు నా చేతిలో పెట్టాడు. గడ్డి గురించి చెప్పబోయి, "నేను గెలిచింది అక్కడొక్కచోటే!" అనేశాను.
చప్పట్లే చప్పట్లు! హాల్లో సగం మంది అక్కడ సొంత పిల్లల చేతిలో ఓడినవాళ్లేనట. అంకుల్ కూడా! వచ్చే ఏడూ జడ్జిని నేనే!

ఏప్రిల్ 6. ఆదివారం.
పాపం, ఆ మూడు కోర్సులకూ అన్యాయం చేశాను. ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు. ఈసారి అసలు ఆడను. చూస్తాను, మార్కులు వేస్తాను, వచ్చేస్తాను. ఒక్క క్లబ్బు కర్ర మాత్రం తీసుకెళ్తా, చేతికర్రలా ఉంటుందని. బంతంటారా, అది ఎలాగూ జేబులోనే ఉంది.