నాన్న స్నానం సంగతి

తమ్ముడూ, పెదవికి కుట్లు వేయించుకోవడానికి వెళ్తున్నాను. ఇకమీదట నాన్నకు స్నానం నువ్వే చేయించు. నడుముకున్న తువ్వాలు తియ్యకుండా, దాని మీదుగానే నీళ్లు పొయ్యి. ఇవాళ ఆఫీసుకు ఆలస్యమవుతోందని నేను దాన్ని లాగేశాను.

"మగాడి ఒంటి మీద గుడ్డ లాగుతావా, సిగ్గులేనిదానా! ఎవరే నువ్వు?" అంటూ చెంబుతో నా నోటి మీద కొట్టాడు. నేనూ చెంప మీద కొట్టాను. ఆయన చేతిలోంచి చెంబు జారిపోయాక కూడా ఇంకోసారి కొట్టాను. ఆ రెండో దెబ్బ మతి తప్పిన ఈ ముసలాయనకు కాదు, చిన్నప్పుడు మనల్ని బెల్టుతో బాదిన మనిషికి.

కాసేపటికి నా నెత్తురు చూసి, "ఎవడు కొట్టాడమ్మా నిన్ను? చూపించు, వాడి చెయ్యి విరగ్గొడతాను" అన్నాడు.

నాన్న ఎడమ చెంప వాచింది. డాక్టరు అడిగితే జారిపడ్డాడని చెప్పకు. అక్క కొట్టిందని చెప్పు.