పోను మూడు గంటలు, రాను పదమూడు

విమానాల ఆఫీసులో ఎంక్వైరీ చూసే వారికి,

గడియారాల రిపేరు మేస్త్రి నమస్కరించి రాసుకుంటున్నది. మా అక్క ఉండే దేశానికి మీ దగ్గర టికెట్టు కొన్నాను. పొద్దున పదింటికి ఎక్కితే మధ్యాహ్నం ఒంటిగంటకు దించుతారట. సంతోషం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పదింటికి ఎక్కితే రాత్రి పదకొండుకు దించుతారట. దూరం ఒకటే కదా? పోయిన విమానంలోనే వెనక్కి తీసుకురండి.

ఇట్లు,
మేస్త్రి

తా.క.: తిరుగు విమానం నడిపేవారికి దారి తెలియకపోతే ముందే చెప్పండి.

మేస్త్రి గారికి,

మీ ఉత్తరం చూసి ఆఫీసంతా నవ్వుకున్నాం, ఏమీ అనుకోకండి. దూరం ఆరువేల ఎనిమిది వందల కిలోమీటర్లు. పోను ఎనిమిది గంటలు, రాను ఎనిమిది గంటలు. అక్కడి గడియారాలు మనకంటే ఐదు గంటలు వెనక. అందుకే ఆ తేడా.

ఇట్లు,
ఎంక్వైరీ గుమాస్తా

తా.క.: నడిపేవారికి దారి తెలుసు.

గుమాస్తా బాబుకి,

ఐదు నిమిషాలు వెనకబడితేనే నేను గడియారం విప్పి చూస్తాను. ఐదు గంటలు వెనకబడ్డవాటితో విమానాశ్రయం ఎలా నడుపుతున్నారో! పనిముట్లు తెస్తున్నాను, ఊరికే బాగుచేసి పెడతాను.

నా భయం వేరే ఉంది. అక్క ఊరు వదిలిన రోజున, ఎవరిదో గడియారం బాగుచేస్తూ కూర్చుని ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. నాకోసం ఆగకుండా వెళ్ళిపోయింది. అప్పట్నుంచి తొమ్మిదేళ్ళు మాటల్లేవు. ఇప్పుడు తనే రమ్మంది. ఒంటిగంటకు దిగుతానని రాశాను. మీరేమో ఎనిమిది గంటలంటున్నారు, అంటే సాయంత్రం ఆరు. అక్కకు ఎదురుచూడడం చేతకాదు. ఈసారీ తప్పితే ఇక పిలవదు.

ఇట్లు,
మేస్త్రి

తా.క.: గోడ గడియారాలు అందడానికి ఒక స్టూలు వేయించమనండి.

మేస్త్రి గారికి,

పనిముట్లు చేతిసంచిలో పెట్టకండి, లాక్కుంటారు. అక్కడి గడియారాలు చెడిపోలేదు. అక్కడ సూర్యుడే ఆలస్యంగా వస్తాడు. మీ చేతి గడియారంలో ఆరయ్యేసరికి వాళ్ళ గోడ మీద ఒంటిగంటే అవుతుంది. మీ అక్కగారు చూసేదీ ఆ గోడే. సరిగ్గా ఒంటిగంటకు వస్తారు. ధైర్యంగా ఎక్కండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: సూర్యుణ్ణి బాగుచేయడానికి స్టూలు చాలదు.

గుమాస్తా బాబుకి,

అక్క వంటగదిలో కూర్చుని రాస్తున్నాను. అన్నీ మీరన్నట్టే జరిగాయి, ఒక్కటి తప్ప. అక్క ఒంటిగంటకు రాలేదు.

పొద్దున ఎనిమిదింటికే వచ్చింది. "మా తమ్ముడు టైము చెప్పాడంటే అది వాడి కొట్టు గడియారం టైమే, ఇంకోళ్ళ గడియారాన్ని వాడు చస్తే నమ్మడు, కాబట్టి వాడి ఒంటిగంట అంటే ఇక్కడి ఎనిమిది" అని లెక్కేసుకుందట. ఐదు గంటలు ఒకే కుర్చీలో కూర్చుంది. నన్ను చూడగానే కాళ్ళు పట్టేశాయని తిట్టింది.

"మరి వెళ్ళిపోలేదేం అక్కా?" అన్నాను.

"ఒకసారి వెళ్ళిపోయి చూశాగా. తొమ్మిదేళ్ళు పట్టిందిరా" అంది.

అంతమందిలో ఏడ్చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇట్లు,
మేస్త్రి

తా.క.: తిరుగు టికెట్టు నెల తర్వాతకు మార్చండి. ఈ ఇంట్లో బాగానే నడుస్తున్న మూడు గడియారాలు విప్పి పెట్టాను. అవి బిగించేదాకా అక్క కదలనివ్వదట. పని నిదానంగా చేస్తున్నాను.