ఫెలీసమ్మ పోసిన ఐదు గ్లాసులు

బిల్బావో
9 అక్టోబరు 1984, మంగళవారం
ఉదయం 6 గంటల 40 నిమిషాలు

ప్రియమైన ఎదుర్నే అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఆసుపత్రిలో నిన్ను బట్టలుతికే విభాగం నుంచి రోగుల పేర్లు నమోదు చేసే బల్ల దగ్గరికి మార్చారని చదివి సంతోషించాను. నీ మోకాళ్ళకు ఇకనైనా విశ్రాంతి దొరుకుతుంది. పామ్ప్లోనాలో అప్పుడే చలి మొదలైందన్నావు. ఇక్కడ వాన మాత్రమే.

నిన్న సాయంత్రం జరిగిన ఒక సంగతిని నీకు వరుసగా రాస్తున్నాను. వరుస తప్పితే నా మీద నీకు జాలి కలిగేలా రాస్తానేమోనని నా అనుమానం.

1. దెయుస్తో పేటలో ఒక కాఫీ యంత్రానికి ఆవిరి గొట్టం బిగించడంలో ఆలస్యమైంది. అందువల్ల రోజూ సాయంత్రం బారుకొక గ్లాసు చొప్పున తాగుతూ తిరిగే మా జట్టుతో మొదటి రెండు బార్లకు వెళ్ళలేక తిన్నగా మూడోదానికి, అంటే ఫెలీసమ్మ బారుకు, నడిచాను.

2. ఫెలీసమ్మ పద్ధతి నీకు తెలుసు. వీధి మలుపులో మా గొంతులు వినబడగానే చిన్న గ్లాసులు బల్ల మీద పరిచి వైను పోసేస్తుంది. ఎవరినీ ఏమీ అడగదు. మేం ఆరుగురం కనుక ఆరు గ్లాసులు.

3. నేను లోపలికి అడుగుపెట్టేసరికి మావాళ్ళు ఇంకా మలుపులోనే ఉన్నారు. బల్ల మీద గ్లాసులు సిద్ధంగా ఉన్నాయి. ఐదు.

4. నన్ను చూడగానే ఆమె ముఖం మారింది. బల్ల కింద చెయ్యిపెట్టి, అప్పటికే నింపి ఉన్న మరో గ్లాసు తీసి, మిగిలినవాటికి దూరంగా చివర పెట్టింది.

5. మావాళ్ళు పాడుకుంటూ లోపలికి వచ్చారు. చివరనున్న గ్లాసు నాదై ఉంటుందని అందుకోబోయాను. వాళ్ళలో కోల్డో నా మణికట్టు పక్కకు తోసి, ఆ గ్లాసు తాను తీసుకున్నాడు. "అది కాదురా. నువ్విది తీసుకో," అని ఐదింటిలో ఒకటి నా వైపు జరిపాడు. ఆ తర్వాత నా ముఖం చూడలేదు.

6. చోమిన్ ఎప్పటిలాగే నవ్వాడు. "ఏరా అన్సెల్మో, ఆ కాఫీ యంత్రంతో కాపురం పెట్టేశావేమో అనుకున్నాం! పిల్లలెంతమందిరా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జరిగింది ఇంతే. ఇందులో బాధపడవలసింది ఏముందని నువ్వు అడగవచ్చు. బెనితో సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో మేం ఏడుగురం. డాక్టరు వైను మాన్పించాక అతను మాతో తిరుగుతూ ద్రాక్షరసం తాగేవాడు. చోమిన్ అతనికి 'పాలసీసా' అని పేరు పెట్టాడు. బారులో అడుగు పెట్టీపెట్టగానే "పాలసీసాకి మూత తీయండమ్మా!" అని అరిచేవాడు. బెనితో కొన్ని వారాలు ఓర్చుకుని, ఒకరోజు నుంచి రావడం మానేశాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. మా జట్లలో అలా అడిగే అలవాటు లేదు. మనిషి ఉంటాడు, లేకపోతే ఉండడు. మర్నాటి నుంచి ఫెలీసమ్మ ఏడుకు బదులు ఆరు పోసింది. ఎవరైనా జట్టులోంచి పోయారనడానికి మా వీధుల్లో అంతకుమించిన ప్రకటన లేదు.

ఇంకో విషయం. వేసవి నుంచి కోల్డో నన్ను నాలుగైదుసార్లు ఒకే ప్రశ్న అడిగాడు. "మీ అక్క ఇంకా పామ్ప్లోనాలోనే ఉందిగా? నువ్వెప్పుడు వెళ్తున్నావ్?" అడిగిన ప్రతిసారీ నేను బస్సు వేళలన్నీ వివరంగా చెప్పాను. ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో నిన్న తెలిసింది. ఎప్పుడు పోతావని అడుగుతున్నాడు.

పదిహేనేళ్ళ వయసులో బడి మానేసిన నాకు యంత్రాల పని ఎవరూ నేర్పలేదు. విప్పి, చూసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. మనుషుల్ని అలా విప్పి చూడలేదు. అమ్మ పోయాక నాకు ఇంటి మనుషులంటే సాయంత్రం వేళ ఆ ఐదుగురే. ఫిర్యాదుగా రాయడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

నువ్వు చెప్పిన వర్క్‌షాపు యజమాని ఇంకా మనిషి కోసం చూస్తున్నాడా? చూస్తుంటే నేను వస్తాను. నీ ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉందని రాశావు.

నీ తమ్ముడు,
అన్సెల్మో బస్తెర్రా ఉగాల్దే


బిల్బావో
17 అక్టోబరు, బుధవారం, రాత్రి 9 గంటలు

ప్రియమైన అక్కా,

వర్క్‌షాపు యజమాని ఒప్పుకున్నాడని, నవంబరు మొదటివారంలో చేరమన్నాడని రాశావు. కృతజ్ఞతలు. నీ ఉత్తరం ఈసారి మరీ చిన్నదిగా ఉంది. చివర "తొందరపడకు" అని రాసి, ఎందుకో రాయలేదు. నేను తొందరపడే మనిషిని కానని నీకు తెలుసు. పనిముట్లు పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాను.

ఆ రోజు నుంచి నేను జట్టుతో వెళ్ళలేదు. వాళ్ళు రమ్మని పిలవలేదు. పిలవరని ముందే రాశాను కదా. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. సోమేరా వీధిలో సాయంత్రం ఎలా ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తెలియదని ఇప్పుడు అర్థమైంది. వీధిలో ఉన్నవాడికి వీధి కనబడదు. బార్ల తలుపులు తెరుచుకున్నప్పుడల్లా వేయించిన మిరపకాయల వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. గ్లాసులు పట్టుకుని జనం వానలోనే గోడలకు ఆనుకుని నిలబడతారు. ఒక జట్టు బయటికి వస్తుంటే ఇంకో జట్టు లోపలికి వెళుతుంది. దారి ఇచ్చిపుచ్చుకుంటూ ఒకరినొకరు తిట్టుకుంటారు, ఆ తిట్లలో కోపం ఉండదు. పోయిన ఏడాది వరద వచ్చినప్పుడు ఇదంతా బురదలో కూరుకుపోయింది. అప్పుడు ఇక్కడి కాఫీ యంత్రాలన్నింటినీ విప్పి కడిగినవాణ్ణి నేనే. అందుకే కాబోలు, ఏ బారులో యంత్రం బుస్సుమన్నా ఎవరిదో పైనుంచే చెప్పగలను.

ఇవాళ మావాళ్ళు పాడుతూ కిటికీ కిందుగా వెళ్ళారు. నేను లైటు ఆర్పి విన్నాను. చోమిన్ గొంతు, ఇమనోల్ గొంతు, లార్రియా అన్నదమ్ముల గొంతులు. పాట ఎప్పుడూ కోల్డోనే ఎత్తుకుంటాడు. ఇవాళ ఇమనోల్ ఎత్తుకున్నాడు, తక్కువ శ్రుతిలో. కోల్డో లేడు.

నా గురించి వాళ్ళలో వాళ్ళకు గొడవ జరిగిందేమో అనుకున్నాను. నిజం రాయాలి కనుక రాస్తున్నాను: ఆ ఊహ నాకు కాస్త సంతోషం కలిగించింది. అది ఎంతోసేపు నిలవలేదు. కోల్డో లేకుండా ఆ పాట వినడానికి బాగాలేదు.

నీ తమ్ముడు,
అన్సెల్మో బస్తెర్రా


బిల్బావో
22 అక్టోబరు

అక్కా,

నీకు అన్నీ తెలుసు. తెలిసీ రాయలేదు. రాయకూడదు కనుక రాయలేదు. రోగుల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చునే మనిషి అలాగే ఉండాలి. "తొందరపడకు" అన్న ఒక్క మాటకే నువ్వు ఎంత ఆలోచించి ఉంటావో ఇప్పుడు అర్థమవుతోంది.

శుక్రవారం పొద్దున ఫెలీసమ్మ కబురు పంపింది. యంత్రం కాఫీ ఇవ్వడం లేదట. వెళ్ళి చూస్తే దానికి జబ్బేమీ లేదు. తీగె ఆమే ఊడదీసి పెట్టింది.

"పది రోజులుగా ఎక్కడ చచ్చావురా?" అంది.

"మీరే కదా ఫెలీసమ్మా, ఐదు పోసింది," అన్నాను.

"ఏమిటి ఐదు?"

"ఐదు గ్లాసులు. నేను లోపలికొచ్చేసరికి ఐదే ఉన్నాయి."

ఆమె చేతిలోని గుడ్డ బల్ల మీద విసిరికొట్టింది. "ఓరి నీ లెక్కలు తగలెయ్యా! ఆ ఐదూ వైనురా. ఆరోది ద్రాక్షరసం. కోల్డోది. వాడి కాలేయం చెడింది. వేసవి నుంచి చుక్క ముట్టడం లేదు. మీరంతా కలిసి గుంపుగా పడితే ఎవడి గ్లాసు ఎక్కడుందో ఎవడికీ పట్టదు. ఆ రోజు నువ్వొక్కడివే ముందొచ్చి, నా బల్ల ముందు లెక్కలు కట్టుకుంటూ నిలబడ్డావు. నాకు గుండె ఆగినంత పనైంది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే? రెండో పాలసీసా అనిపించుకోడానికా? బెనితోని చూశాడుగా. ఎవరికీ చెప్పొద్దని మిగతా బార్లవాళ్ళనీ బతిమాలాడు, నా చేత ఒట్టే వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు కూడా నీ మూలాన పోయింది."

నేను ఊడిన తీగె అందుకున్నాను. ఆమె ఊరుకోలేదు.

"పామ్ప్లోనా ఆసుపత్రికి వెళ్ళాలంటే వాడికి భయం. మీ అక్క అక్కడుందని, నిన్ను తోడు రమ్మని అడుగుదామనుకున్నాడు. అడగబోయినప్పుడల్లా నువ్వు బస్సు వేళలు చెప్పావటగా? నా దగ్గరికొచ్చి నవ్వాడు. 'వాడికి బస్సులు తెలుసు ఫెలీసమ్మా, నేనే తెలియదు,' అన్నాడు. మొన్న సోమవారం ఒక్కడే వెళ్ళాడు. రేపు వస్తాడు."

తీగె మళ్ళీ తగిలించాను. కాఫీ వచ్చింది. ఆమె నాకొక కప్పు ఇచ్చి, డబ్బు తీసుకోలేదు.

నేను చూసినవన్నీ సరిగ్గానే చూశాను అక్కా. ఐదు గ్లాసులు నిజం, కింద నుంచి వచ్చిన గ్లాసు నిజం, కోల్డో నా చెయ్యి తోయడం నిజం. అది వైను కాదని నాకు తెలియకూడదని తోశాడు. అన్నింటినీ కలిపి నేను కట్టిన లెక్కే నిజం కాదు.

శనివారం సాయంత్రం మావాళ్ళ కంటే ముందే ఫెలీసమ్మ బారుకు వెళ్ళాను. నాలుగే పోయమన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, ఏమీ అడగకుండా నాలుగు పోసింది. బల్ల కింద నుంచి రెండు తీసి పక్కన పెట్టింది. అంతలో పాట వినబడింది. ఎత్తుకున్నది కోల్డో. గొంతు కాస్త నీరసంగా ఉంది, శ్రుతి మాత్రం సరిగ్గా ఉంది.

లోపలికి వస్తూనే చోమిన్ బల్ల వైపు చూశాడు. "ఏంటి ఫెలీసా, నాలుగేనా? దార్లో ఇద్దర్ని పాతిపెట్టి వచ్చామా?"

కోల్డో ముఖం పాలిపోయింది. నేను రెండు గ్లాసుల్లో ఒకటి తీసుకున్నాను.

"నాకు వైను పడటం లేదు," అన్నాను. "డాక్టరు మాన్పించాడు. ద్రాక్షరసం తాగమన్నాడు. ఒక్కణ్ణే తాగలేనంటే, కోల్డో తోడు తాగుతానన్నాడు."

చోమిన్ నా గ్లాసు లాక్కుని వాసన చూశాడు. ఆ తర్వాత ఎంత గట్టిగా నవ్వాడంటే వీధిలో నిలబడ్డ జట్టు కూడా లోపలికి తొంగిచూసింది. "పాలసీసా! ఒరేయ్, మనకు కొత్త పాలసీసా దొరికింది! అమ్మా ఫెలీసా, మూత తీసి ఇవ్వు, బాబుకి రాదు!" ఇమనోల్ చోమిన్ వీపు మీద ఒక్కటిచ్చి, "పాట ఆగిపోయింది, చూసుకోండ్రా," అన్నాడు. కోల్డో తన గ్లాసు చేతిలో పట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత పాట ఎత్తుకున్నాడు. నేను నా గొంతు కలిపాను.

నాలుగో బారుకు నడుస్తుండగా నా పక్కకొచ్చాడు.

"ఏ డాక్టరురా నీకు చెప్పింది?"

"దెయుస్తోలో ఉన్నాడు."

"దెయుస్తోలో ఎక్కడ?"

"బస్సు వేళలు కూడా చెప్పనా?" అన్నాను.

అతను నవ్వాడు. మలుపు దగ్గర, "వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు. పరీక్షలు ఇంకా ఉన్నాయట," అన్నాడు. నేను వస్తానన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

నాలుగో బారు గుమ్మంలో చోమిన్ కేక వినాల్సింది. "నాలుగు వైను! పాలసీసాకొకటి, వాడి దాదికొకటి!" అక్కడి పిల్లాడు కూడా నవ్వుతూనే పోశాడు. ఈ పేరు ఇక నన్ను వదలదు. బెనితోకు ఇది ఎంత బరువుగా ఉండేదో నాకు తెలియదు. నాకు తేలిగ్గానే ఉంది. ఇద్దరం మోస్తున్నాం కాబట్టి కావచ్చు.

వర్క్‌షాపు యజమానికి నా తరఫున క్షమాపణ చెప్పు. పెట్టెలు విప్పేశాను. వెనక గది మాత్రం నవంబరులో రెండు రోజులు ఖాళీగా ఉంచు, మేం ఇద్దరం వస్తాం. నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు నటించు. కోల్డోను చూసి కూడా, అతని పేరు నీ నమోదు పుస్తకంలో ఎన్నడూ చూడనట్టు.

నీ తమ్ముడు,
పాలసీసా