మల్లిక కూర్చునే చోటు

అక్కకు, బావకు,

హైదరాబాద్ జహనుమా నుంచి మీ నర్సింహులు దండాలు పెట్టి రాసే సంగతులు. మేము ముగ్గురం బాగానే ఉన్నాం. మీరంతా ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నోడు బడికి పోతున్నాడా, లేక మళ్లీ కడుపునొప్పి నాటకం మొదలుపెట్టాడా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్‌లో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు. కాగితం మీద అయితే చివరిదాకా వింటావు. మన ఊరి నుంచి బస్తాలు తెచ్చిన లారీ యాదగిరి రేపు తిరిగి వస్తున్నాడు, అతని చేతికి ఇచ్చి పంపుతున్నాను.

పని బాగానే ఉంది. ఉస్మాన్‌గంజ్‌లో అదే సేటు, అదే కాంటా. రోజంతా పప్పులు, పల్లీలు తూచడమే. వానలకు మా గల్లీలో నీళ్లు నిలిచాయి గానీ ఇంట్లోకి రాలేదు, నువ్వు ఫికర్ పడకు. సాయంత్రం ఇంటికి రాగానే బయటి నల్లా దగ్గరే చొక్కా విప్పేసి, స్నానం చేశాకే లోపలికి పోతాను. ఎందుకో నీకు తెలుసు. నీ మేనకోడలు మల్లికకు పల్లీలు పడవు. కిందటేడు దబీర్‌పురాలో ఉన్నప్పుడు పక్కింటివాళ్లు పెట్టిన ఇడ్లీ చట్నీ తిని మొహం ఉబ్బి, ఊపిరి అందక ఆ పిల్ల ఎంత అవస్థ పడిందో చెప్పాను కదా. పల్లీ పొడి చిటికెడు నోట్లోకి పోయినా ప్రాణం మీదికి వస్తుందని ఆసుపత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో పల్లీ చట్నీ లేదు, సర్వపిండి లేదు. వాన పడితే మాత్రం నీ చేతి సర్వపిండి గుర్తొచ్చి నాకు నోరూరుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రాస్తుంటే ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

ఇల్లు మారాక మల్లికను ఇక్కడి సర్కారు బడిలో మూడో తరగతిలో వేశాం. చేర్చిన రోజే నేను, నీ మరదలు సుజాత పెద్ద మేడం దగ్గరికి పోయి, మధ్యాహ్న భోజనంలో మా పాపకు పల్లీలు కలవకుండా చూడమని, అది కాకపోతే ఇంటి నుంచి డబ్బా పంపుతామని చేతులు జోడించి చెప్పాం. డాక్టరమ్మ రాసిన చీటీ ఇవ్వబోతే ఆమె కనీసం చేయి చాపలేదు.

ఆ బడిలో వంట చేసేది రజియా బీ. ఆమె వండుతుందని తెలిసి కొందరు తల్లిదండ్రులు ఒంట్లో బాగాలేదనో, ఉపవాసమనో సాకులు చెప్పి పిల్లలను తిననివ్వలేదట. మేడం వాళ్లతో పోట్లాడి పిల్లలందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టిందట. మంచి పనే, కాదనను. కానీ మమ్మల్నీ వాళ్లతో ఒకే గాటన కట్టేసింది.

"గిసొంటి సాకులు మస్తు విన్న" అంది. "పల్లీలు పండించే పాలమూరోళ్లకు పల్లీలు పడకపోవుడేంది? వండేటామెను చూసి తినబుద్ధి అయితలేదంటే సీదా చెప్పుండ్రి. నా బడిల అంటూ ముట్టూ నడ్వది."

"మా ఇంటి ఓనర్ సలీం భాయ్, మేడం. రంజాన్‌కు వాళ్లింట్లనే షీర్ ఖుర్మా తింటం. మాకు అసొంటిది లేదు" అన్నాను. ఆమె చెవికి ఎక్కలేదు. ఇంటి డబ్బా తెచ్చుకునే పిల్ల వరుసలో కూర్చోకూడదని, అది చూసి మిగతావాళ్లూ మొదలుపెడతారని తేల్చేసింది.

అలా రోజూ మధ్యాహ్నం పిల్లలందరూ వరండాలో వరుసగా కూర్చుంటే, నా బిడ్డ ఒక్కతే చేతులు కడుక్కునే నల్లాల పక్కన మెట్ల మీద కూర్చుని తినేది. "నువ్వు రజియా అమ్మీ వండింది తినవంట గదా" అని పిల్లలు వెక్కిరించేవాళ్లట. డబ్బా సగం తిరిగి వచ్చేది. అడిగితే "ఆకలి కాలే" అనేది. పెళ్లి భోజనాల్లో మన తాతను చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టి వడ్డించేవాళ్లని నాయన చెప్పేవాడు, గుర్తుందా అక్కా? ఆ తాత మునిమనవరాలికి అంటు నేర్పుతున్నామని మా మీద నింద!

పోయిన మంగళవారం కాంటా మీద బస్తా ఉండగానే సుజాత ఫోన్ చేసింది. పాపను బడి నుంచి ఆసుపత్రికి తెచ్చారంది. ఆటోలో ఆసుపత్రికి పోయేసరికి పాపకు సూది వేశారు. ఉబ్బిన మొహంతో, సగం తెరిచిన కళ్లతో నన్ను చూసి చేతులు చాపింది. నా చొక్కా నిండా పల్లీల దుమ్ము. వెనక్కి జరిగాను. నా బిడ్డ చేతులు చాపితే నేను వెనక్కి జరిగాను అక్కా. ఇప్పుడు బాగానే ఉంది, గల్లీలో తొక్కుడుబిళ్ల ఆడుతోంది, నువ్వు ఏడవకు. నిజంగా బాగానే ఉంది.

పెట్టింది రజియా బీయే. ఆసుపత్రి గుమ్మంలో ఏడుస్తూ నిలబడి ఉంది.

"మీరే తిననిస్తలేరని మేడం చెప్పింది భాయ్. పిల్ల రోజూ నా దేగ్చీ దిక్కే చూస్తది. దిల్ ఆగలే. పక్కకు పిలిచి, తిను బేటా, మీ అమ్మకు చెప్ప అని వంకాయ సాలన్ ఏసిన. అండ్ల పల్లీలు నూరి కలిపిన. గీ పిల్లకు పడయని నాకు ఎవ్వరూ చెప్పలే భాయ్, అల్లా కసం."

మల్లిక కూరలో పల్లీల కోసం చూసిందట. కనబడకపోయేసరికి తినేసింది. ఇందులో ఆ పిల్లను ఏమనను? జాలిపడి పెట్టిన మనిషిని ఏమనను?

మరునాడు సుజాత వద్దంటున్నా దుకాణం మానేసి బడికి పోయాను. "ఇంత సీరియస్ అని మీరు సరిగ్గ చెప్పాలె గదా" అంది మేడం. అప్పుడు ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

"ఇంకెట్ల చెప్పాలె మేడం? అంటు పోగొడుతున్నమని చెప్పి నా బిడ్డను ఒక్కదాన్నే మెట్ల మీద కూసోబెట్టినరు. మా తాతను ఊర్ల గట్లనే కూసోబెట్టిండ్రు. వంటామెకు ఒక్క మాట చెప్తే ఏం పోతుండె?"

 తప్పయిందని ఆమె ఈ రోజు వరకూ అనలేదు. గంట కొట్టగానే నేనే పోయి పిల్లల వరుసలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, "పెట్టు రజియా ఆపా" అన్నాను. పెట్టింది. మారు అడిగి మరీ తిన్నాను. అందరూ చూశారు, మేడం కూడా.

ఇప్పుడు రజియా ఆపా పల్లీల ముద్ద కలపకముందే మల్లికకు వేరే గిన్నెలో కూర తీసి మూత పెడుతోంది. గరిటె కూడా వేరే. మల్లిక వరుసలో కూర్చుని తింటోంది. ఇంతే పని అక్కా! ఇంత చిన్న పనికి బిడ్డ ప్రాణం మీదికి తెచ్చారు.

నువ్వు పంపిన పల్లీ పట్టీల డబ్బా యాదగిరి చేతికే తిరిగి ఇస్తున్నాను. అలగకు. ఎండాకాలం సెలవుల్లో "మన చేనుల పల్లీలు మన పిల్లకు పడయా? ఒక్కటి తింటే ఏం గాదు తమ్మీ" అని నువ్వూ అన్నావు. మేడం మీద అరుస్తున్నప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. పరాయి మనిషి నమ్మకపోతే కోపం వచ్చింది. నువ్వు నమ్మలేదని తలచుకుంటే ఏడుపు వచ్చింది.

వచ్చే నెల మీ కొత్త ఇంటి గృహప్రవేశానికి సేటు సెలవు ఇస్తానన్నాడు. నిన్న ఆ మాట అనుకుంటుంటే మల్లిక వచ్చి, "అత్తమ్మ ఇంట్ల నేను అందరితోటి కూసోవాల్నా, మెట్ల మీద కూసోవాల్నా?" అని అడిగింది. సుజాత నా మొహం చూసింది.  అది నువ్వు చెప్పాల్సిన జవాబు.

బావకు, మీ అత్తమ్మకు మా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మల్లికకు నీ దీవెనలు కావాలి. దీవెనలతో పాటు వేరే గిన్నె, వేరే గరిటె కూడా తీసి పెట్టు.

నీ తమ్ముడు,
నర్సింహులు